డబ్బు కట్టాం, మా బోటేదండీ?

పాపికొండల నుంచి నాగార్జునసాగర్ దాకా జలవిహారాలకు గిరాకీ పెరిగింది. ఇంట్లో కూర్చుని సీటు తీసుకోవచ్చని చెప్పే సైట్లూ పెరిగాయి. ఫోన్‌లో ఖాయమైన సీటు రేవు దాకా వచ్చేసరికి ఎందుకు మాయమవుతోంది?

రాజమహేంద్రవరంలో కార్తీకమాసపు ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పుష్కర ఘాట్ మెట్ల మీద ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. పైన రోడ్డు మీద పాపికొండలకు వెళ్లే బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక బస్సు గుమ్మంలో నోట్‌బుక్ పట్టుకున్న కుర్రాడు పేర్లు పిలుస్తున్నాడు. అతని ముందు రాత్రి రైలుకు హైదరాబాద్ నుంచి దిగిన కుటుంబం, ఎనిమిది మంది. నాయనమ్మ చేతిలో పులిహోర డబ్బా. చిన్నపిల్ల తండ్రి భుజం మీద ఇంకా నిద్రలోనే ఉంది.

“మీ పేరు ఇందులో లేదండి.”

“పైసలు కట్టినం గదా తమ్మీ. ఇగో చూడు, కన్ఫర్మ్ అని మెసేజ్ గూడ వచ్చింది.”

“అది ఆన్‌లైన్ వాళ్లదండి. మాకు లిస్టు రాత్రే వచ్చేసింది. మీరు టికెట్ తీసుకున్నోళ్లకి ఓసారి ఫోన్ చెయ్యండి.”

“పొద్దుగాల నుంచి చేస్తనే ఉన్న. ఎత్తుతలేరు.”

కుర్రాడు చేయగలిగింది చేస్తాడు. ఐదుగురిని ఈ బస్సులో ఎక్కించి, మిగతా ముగ్గురిని వెనక బస్సుకు పంపుతాడు. బస్సు మారితే బోటూ మారుతుంది. నాయనమ్మ ఒక బోటులో, మనవలు ఇంకో బోటులో పాపికొండలు చూసి వస్తారు. డబ్బు ఎవరికి చేరిందో, వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోకి ఎక్కాయో ఆ రోజంతా ఎవరూ చెప్పలేరు.

సీజన్‌లో ఏ రేవుకు వెళ్లినా ఇలాంటి మాటలు వినపడతాయి. ఊళ్లు మారతాయి, బోట్ల పేర్లు మారతాయి. “డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు” అన్న మాట మాత్రం మారదు.

రెండు దారులు, నాలుగు నెలల బేరం

పాపికొండలకు రెండు వైపుల నుంచి వెళ్తారు. దిగువన రాజమహేంద్రవరంలో బస్సెక్కి, గండి పోచమ్మ గుడి వైపు రేవుల్లో బోటెక్కడం ఒక దారి. ఎగువన భద్రాచలంలో రాముణ్ణి దర్శించుకుని, కూనవరం మీదుగా పోచవరం చేరి బోటెక్కడం రెండో దారి. ఎటు నుంచి వచ్చినా కొండలు దగ్గరికి జరిగి గోదావరిని ఇరుకున పెట్టే చోటు, పేరంటాలపల్లి శివాలయం చూడటానికే. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం బోటులోనే. సాయంత్రానికి తిరిగి ఒడ్డుకు.

ఈ బేరమంతా నీటి దయ. వానాకాలంలో ఎర్రనీరు దిగిందంటే బోట్లు ఆగిపోతాయి. దసరా దాటి నది తేటపడ్డాక అసలు సీజన్ మొదలవుతుంది. కార్తీకమాసం, క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి అంటూ ఆ కొన్ని వారాల్లోనే జనం విరగబడతారు. నాగార్జునసాగర్ నుంచి నల్లమల నడుమగా శ్రీశైలం వెళ్లే లాంచీదీ ఇదే కథ. జలాశయం నిండు మట్టం 590 అడుగులు. దానికి దగ్గరగా నీళ్లుంటేనే లాంచీ కదులుతుంది. నీళ్లున్నా, తగినంత మంది పోగవకపోతే కదలదు.

రైలుకు టైంటేబుల్ ఉంటుంది. లాంచీ మాత్రం నీటిమట్టం, వరద, అధికారుల అనుమతి, ప్రయాణికుల సంఖ్య అన్నీ కుదిరినప్పుడే బయల్దేరుతుంది. అలాంటి ప్రయాణాన్ని సినిమా టికెట్ అమ్మే పద్ధతిలో అమ్మడం దగ్గరే ఇబ్బంది మొదలైంది. సినిమా హాల్లో తెర ఎక్కడికీ పోదు, కుర్చీ నంబరు మారదు. నది మీద రెండూ మారతాయి.

ఒకే సీటు నలుగురి దగ్గర

చిన్న బోటు యజమాని సీట్లు ఎలా అమ్ముకుంటాడో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. తన బోటులో ఉన్న సీట్లన్నీ అతను ఒక్కడే అమ్ముకోలేడు. రాజమహేంద్రవరంలోనో భద్రాచలంలోనో ఉన్న ఏజెంట్లకు కొన్ని ఇస్తాడు. హైదరాబాద్‌లోని ట్రావెల్స్ వాళ్లకు ఇంకొన్ని. తన ఫోన్‌కు వాట్సాప్‌లో వచ్చేవాళ్లు సరేసరి. వీటికి తోడు ఇప్పుడు సైటు. నలుగురి దగ్గరా నాలుగు లెక్కలు. ఏజెంటు ఆదివారం అదనంగా నాలుగు సీట్లు అమ్మితే సైటులోని అంకె దానంతట అది తగ్గదు. యజమాని దగ్గర పనిచేసే కుర్రాడు రాత్రి కూర్చుని అందరికీ ఫోన్ చేసి, నోట్‌బుక్‌లో కూడి, ఎక్కువైతే సర్దుతాడు. ఆ కూడిక అయ్యాక వచ్చిన బుకింగ్ గాల్లో ఉండిపోతుంది.

పర్యాటకుడికి కనిపించని సంగతి ఇంకొకటుంది. చాలా సైట్లు బోటు యజమానివి కావు. ఏ బోటూ లేనివాళ్లు సైటు పెట్టి, బుకింగ్ తీసుకుని, కమీషన్ ఉంచుకుని, ఒడ్డున ఉన్న ఏజెంటుకు పేర్లు పంపుతారు. ఆయన బోటు వాళ్లకు పంపుతాడు. ఈ గొలుసులో ఎక్కడ ఒక మెసేజ్ చూడకపోయినా పొద్దున బస్సు గుమ్మంలో పేరుండదు. ఏదైనా తేడా వస్తే ఎవరినడగాలి? డబ్బు తీసుకున్నవాడికి రేవు తెలియదు, రేవులో ఉన్నవాడికి డబ్బు తెలియదు.

జనం తక్కువున్న రోజుల్లో ఇంకో చిక్కు. రెండు బోట్ల ప్రయాణికుల్ని ఒకే బోటులో కలిపేస్తారు. డీజిల్ ఖర్చు చూసుకుంటే యజమానికి వేరే దారి లేదనుకోవచ్చు. కానీ ఏసీ బోటు ఫొటో చూసి ఎక్కువ ధర పెట్టిన కుటుంబానికి ఆ మాట ముందు చెప్పేవాళ్లుండరు. వాళ్ల టికెట్ మీద ఒక బోటు పేరు, ఎక్కింది వేరే బోటు. ఇది సౌకర్యానికి సంబంధించిన చిన్న ఫిర్యాదుగా కనిపిస్తుంది. చిన్నదెందుకు కాదో తర్వాత చెబుతాను.

కట్ అయిన డబ్బు ఎక్కడుంది?

సీటు ఎంచుకున్నారు. పేర్లు నింపారు. యూపీఐలో పిన్ కొట్టారు. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. సైటు మాత్రం గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ చివరికి “సెషన్ ముగిసింది” అంటుంది. మళ్లీ మొదలుపెడితే ఆ సీట్లే “అమ్ముడయ్యాయి” అని చూపిస్తుంది. అమ్ముడైంది తమకేనా, వేరేవాళ్లకా అన్నది తెలియదు. కంగారులో రెండోసారి డబ్బు కట్టేవాళ్లు బోలెడుమంది.

లోపల జరిగేది అంత మాయేమీ కాదు. మీరు డబ్బు కట్టేలోపు సైటు ఆ సీట్లను కొన్ని నిమిషాలు పక్కన పెడుతుంది. డబ్బు ముట్టిందన్న కబురు, మధ్యలో చెల్లింపు జరిపించే పేమెంట్ గేట్‌వే నుంచి సైటుకు రెండు దారుల్లో రావచ్చు. మీ ఫోన్ తెర తిరిగి సైటులోకి వెళ్లినప్పుడు అందేది ఒకటి. మీ ఫోన్‌తో పని లేకుండా గేట్‌వే సర్వరు నేరుగా సైటు సర్వరుకు చెప్పేది రెండోది. జాగ్రత్తగా కట్టిన సైటు రెండో కబురును నమ్ముకుంటుంది. ఖర్చు తగ్గించుకుని కట్టించిన సైట్లలో మొదటి దారి ఒక్కటే ఉంటుంది. మీ సిగ్నల్ తెగినా, ఫోన్ కాల్ వచ్చి తెర మారినా, మీరు విసిగి వెనక్కి నొక్కినా డబ్బు సైటు వాళ్లకు చేరుతుంది, టికెట్ మాత్రం పుట్టదు. ఈలోపు పక్కన పెట్టిన సీట్లు గడువు తీరి ఇంకొకరికి వెళ్లిపోతాయి.

ఇక్కడొక తేడా తెలుసుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది. బ్యాంకులో కట్ అయి అమ్మకందారు ఖాతాకు చేరకపోతే అది బ్యాంకు బాధ్యత, డబ్బు దానంతట అది వెనక్కి రావాలి. అమ్మకందారుకు చేరి టికెట్ రాకపోతే మాత్రం బ్యాంకు వాళ్లు “మా వైపు సక్సెస్ చూపిస్తోంది” అనేస్తారు. అప్పుడు అడగాల్సింది సైటు వాళ్లనే. యూపీఐ లావాదేవీ నంబరు దగ్గరుంచుకోవాలి. స్క్రీన్‌షాట్ కన్నా దానికే విలువ ఎక్కువ.

> డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి?
>
> విఫలమైన లావాదేవీల గురించి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం వ్యాపారికి యూపీఐతో చెల్లించినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా అది వెనక్కి జమ కావాలి. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినప్పుడూ ఇదే గడువు. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ఖాతాదారు ఫిర్యాదు చేయకపోయినా ఈ పరిహారం ఇవ్వాలన్నది ఉత్తర్వులోని మాట.

ఇంటిపేరు ఏ గడిలో రాయాలి?

చిన్న సైట్లకు విడిగా సాఫ్ట్‌వేర్ రాయించుకునే స్తోమత ఉండదు. హోటళ్లకో విదేశీ టూర్లకో తయారైన దాన్ని తక్కువ అద్దెకు తెచ్చి, పైన పాపికొండల ఫొటో పెడతారు. ఆ ఫారాలకు మన పేర్లు తెలియవు. మొదటి పేరు, చివరి పేరు అంటూ రెండు గడులు. మన ఇంటిపేరు ముందొస్తుంది, చాలామందికి పొడి అక్షరంగానే ఉంటుంది. ఒక్క అక్షరం రాస్తే కొన్ని సైట్లు ఒప్పుకోవు. ఏదో ఒకటి రాస్తే ఆధార్ కార్డులో ఉన్నదానికీ టికెట్ మీద ఉన్నదానికీ పొంతన ఉండదు. రేవులో తనిఖీ చేసేవాళ్లు ఆగి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ప్రయాణికుడే.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు సంక్రాంతికి వస్తూ అమ్మానాన్నలకు ముందుగానే బోటు బుక్ చేద్దామనుకుంటారు. విదేశీ కార్డు తీసుకోదు. ఫోన్ నంబరు గడిలో పది అంకెలకు మించి పట్టవు. చేసేది లేక ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తారు. ఆయన తెలిసిన ఏజెంటుకు చెబుతాడు. పని అయిపోతుంది. ఇన్ని సైట్లున్నా చివరికి పని జరిపించేది “మనవాళ్లండి, కాస్త చూడండి” అన్న మాటే. మరి అలా చెప్పించుకోవడానికి ఎవరూ లేనివాళ్ల సంగతి?

షరతుల పేజీ ఇంగ్లిషులో ఉంటుంది. భద్రాచలం వచ్చిన పల్లెటూరి భక్తబృందంలో దాన్ని చదివేవారెవరు? బోటు ఆగితే డబ్బు ఇవ్వరు, వేరే తేదీ ఇస్తారని అందులో ఎక్కడో రాసి ఉంటుంది. ఎడ్లు అమ్మగా వచ్చిన డబ్బుతోనో, డ్వాక్రా సంఘంలో దాచుకున్న డబ్బుతోనో కట్టుకున్న యాత్ర అది. ఇంకో తేదీ వాళ్లకు ఎలా పనికొస్తుంది? ఆ ఒక్క వాక్యం తెలుగులో, డబ్బు కట్టే బటన్‌కు పైనే రాస్తే సగం గొడవలు రేవు దాకా రావు.

భద్రాచలం గేజి అందరికీ తెలుసు, సైటుకు తప్ప

గోదావరి వరద గురించి మనకు సమాచారం తక్కువేమీ లేదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఇంటింటా టీవీలో గంటగంటకూ ఆ అంకెలే చూశాం. ఎగువన నీరు పెరిగితే దిగువకు చేరడానికి గంటల తరబడి సమయం పడుతుంది. రేపు బోటు నడవడం అనుమానమని చెప్పడానికి ఆ వ్యవధి చాలు.

ఇంత సమాచారం ఉన్నా, బోట్లు ఆపేయమని ఉత్తర్వులు వచ్చిన రోజున కూడా కొన్ని సైట్లు రేపటి సీట్లు అమ్ముతూనే ఉంటాయి. అమ్మకం ఆపే మీట ఎవరి చేతిలో ఉందో యజమానికే సరిగ్గా తెలియదు. సైటు కట్టినవాడు ఇంకో ఊళ్లో ఉంటాడు, ఆదివారం ఫోన్ తీయడు. నాలుగు నెలల సీజన్ ముగిశాక సైటును పట్టించుకునే దిక్కే ఉండదు. ధరలు పాతవి, ఫోన్ నంబరు పనిచేయదు, డబ్బు తీసుకునే బటన్ మాత్రం పచ్చగా వెలుగుతూ ఉంటుంది.

నిజానికి బోటు ఆగిందంటే ప్రయాణికులు సంతోషించాలి. ఎవరో ఒకరు నదిని చూసి జాగ్రత్తపడ్డారన్నమాట. కానీ ఆ కబురు రేవు దాకా వచ్చాక తెలిస్తే సంతోషం ఎక్కడ? సెలవు పెట్టుకుని, రైలు టికెట్లు కొనుక్కుని, పిల్లల్ని తెల్లవారుజామున లేపి వచ్చినవాళ్లకు “నీళ్లెక్కువున్నాయండి, రేపు రండి” అంటే కోపం రాక మానదు. ఆ కోపమంతా తిరిగి సరంగు మీద, యజమాని మీద ఒత్తిడిగా మారుతుంది. ఎలాగోలా తీసుకెళ్లమని బతిమాలేవాళ్లుంటారు, గొడవకు దిగేవాళ్లుంటారు. డబ్బు వెంటనే వాపసు వస్తుందన్న నమ్మకం ఉంటే ఎవరూ అలా పట్టుబట్టరు. వాపసు సక్రమంగా ఇచ్చే పద్ధతి కూడా లైఫ్ జాకెట్ లాంటి రక్షణేనని నేను నమ్ముతాను.

> సముద్రం మీద ఇంకో మెలిక
>
> అండమాన్‌కు మనవాళ్ల రాకపోకలు ఎక్కువే. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లూ ఎక్కువే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఒకప్పుడు హేవ్‌లాక్ అన్న స్వరాజ్ ద్వీప్‌కు ప్రైవేటు, ప్రభుత్వ ఓడలు తిరుగుతాయి. విమానం, ఓడ, హోటల్ మూడింటినీ మూడు చోట్ల బుక్ చేసుకోవాలి. సముద్రం బాగాలేక ఓడ ఆగిపోతే దాని డబ్బు రావచ్చు, ఆ రాత్రి హోటల్ డబ్బు మాత్రం రాదు. తిరుగు విమానానికీ చివరి ఓడకూ నడుమ ఒక రోజు ఖాళీ ఉంచుకోవడం అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లందరూ ఇచ్చే సలహా.

యజమాని వైపు నుంచి

బోటు వాళ్లందరూ మోసగాళ్లన్న మాట నేను ఒప్పుకోను. వాళ్ల లెక్కలు విన్నవాళ్లెవరూ ఒప్పుకోరు. ఏడాదిలో నాలుగైదు నెలలు నడిచే బోటుకు ఏడాదంతా మరమ్మతు, రంగులు, ఇన్సూరెన్సు, తనిఖీల ఖర్చు ఉంటుంది. సరంగుకు, వంటవాళ్లకు, పాటకచేరీ వాళ్లకు జీతాలివ్వాలి. సైటు వాళ్ల కమీషన్, గేట్‌వే వాళ్ల కోత పోగా చేతికి వచ్చేది తక్కువ. ఆ డబ్బయినా ప్రయాణం రోజుకు అందదు. డీజిల్ మాత్రం ఆ పొద్దునే కొట్టించాలి. నేరుగా ఫోన్ చేసి, ఫోన్‌పే కొట్టి వచ్చేవాళ్లంటే వాళ్లకు ఇష్టం ఉండటంలో వింతేముంది?

సీట్ల లెక్క తెరిచి పెడితే తన బేరం పక్క బోటు వాళ్లకు తెలిసిపోతుందన్న జంకు కూడా ఉంది. ఏజెంటును కాదని సైటును నమ్ముకుంటే, రేపు ఏజెంటు తన జనాన్ని వేరే బోటుకు మళ్లిస్తాడన్న భయం ఉంది. ఇక కొండల మధ్యకు పోయాక ఫోన్ సిగ్నల్ ఉండదు. తెర మీద క్యూఆర్ కోడ్ చూపించే టికెట్ అక్కడ ఎవరికీ ఉపయోగపడదు. నోట్‌బుక్ పోయి కంప్యూటర్ రావాలని మనం అనేస్తాం కానీ, ఆ రేవులో నోట్‌బుక్ ఇన్నాళ్లూ పనిచేసింది. ఇప్పటిదాకా వచ్చిన కంప్యూటర్ ఆ మాత్రం పని కూడా చేయలేదు.

బస్సులకు ఇదే రోగం ఉండేది

2005 దీపావళి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ అనే తెలుగు ఇంజనీరుకు ఇంటికి రావడానికి హైదరాబాద్ బస్సు టికెట్ దొరకలేదు. ఏ ఏజెంటు దగ్గర ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఎవరికీ తెలియదు. ఏజెంటు బస్సు యజమానికి ఫోన్ చేయాలి, యజమాని పుస్తకం చూసి చెప్పాలి. ఒక ఏజెంటు దగ్గర లేదన్న సీటు ఇంకో ఏజెంటు దగ్గర ఖాళీగా పోయేది. మరుసటి ఏడాది ఆయన తన స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. ప్రయాణికులకు టికెట్లు అమ్మే సైటుగానే అది మనకు తెలుసు. బస్సు యజమానులు తమ సీట్ల లెక్క రాసుకోవడానికి, ఏజెంట్లు అదే లెక్క చూసి అమ్ముకోవడానికి కూడా వాళ్లు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చారు. లెక్క ఒకటైంది కాబట్టి టికెట్ నిజమైంది.

బోట్లకు అలాంటిది రాకపోవడానికి కారణం తేలికగానే కనిపిస్తుంది. బస్సులు వేలల్లో ఉన్నాయి, ఏడాది పొడవునా తిరుగుతాయి. పాపికొండల బోట్లు ఎన్ని? పెద్ద కంపెనీకి ఇందులో లాభం కనపడదు. విశాఖపట్నంలో 2023లో మొదలైన క్రూయిజ్ టెర్మినల్‌కు వచ్చే పెద్ద ఓడల సంగతి వేరు. ఎక్కేవాళ్ల పేర్లు, గుర్తింపు పత్రాలు ఓడ కదలక ముందే దాన్ని నడిపేవాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. నదిలో చిన్న బోటుకు ఆ పని మార్కెట్ చేసిపెడుతుందని కూర్చుంటే జరగదు. ప్రభుత్వాలే పూనుకోవాలి. పూనుకోవడానికి లాభం కన్నా పెద్ద కారణమే ఉంది.

కచ్చులూరు తర్వాత కూడానా?

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అప్పుడు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద. ఆ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా టీవీల ముందు కూర్చున్న వాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బోటులో ఎంతమంది ఉన్నారో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. మొదట 60 పైచిలుకు అన్నారు. తర్వాత 70 దాటింది. చివరికి తేలింది 77. బతికి బయటపడింది 26 మంది. వరంగల్ దగ్గర కడిపికొండ నుంచి, హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి వచ్చిన కుటుంబాలు తమవాళ్లు ఆ బోటులోనే ఎక్కారా, ఇంకో బోటులోనా అని రాజమహేంద్రవరం ఆసుపత్రికీ దేవీపట్నానికీ మధ్య తిరిగాయి. బోటును బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది.

టికెట్ మీద ఒక బోటు, ఎక్కింది ఇంకో బోటు అన్న ఫిర్యాదు చిన్నది కాదన్నాను. కారణం ఇదే. బోట్లు కలిపేసినప్పుడు, కుటుంబాన్ని రెండుగా చీల్చి సర్దినప్పుడు, పేర్లు కూడా వాళ్లతో పాటు కదలాలి. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదని సైటు వాళ్లు వారికి గడే పెట్టరు. తండ్రి భుజం మీద నిద్రపోతున్న ఆ పిల్ల ఏ జాబితాలోనూ లేదు. పసిపిల్లకు సరిపోయే లైఫ్ జాకెట్ కావాలని బోటు వాళ్లకు ముందు తెలిసేదెలా?

ప్రమాదం తర్వాత మార్పులు జరగలేదనడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో బోటు ప్రయాణాల పర్యవేక్షణకు 2020 జూన్‌లో 9 కంట్రోల్ రూములు మొదలయ్యాయి. గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం వాటిలో ఉన్నాయి. దేశం మొత్తానికి 1917 నాటి చట్టాన్ని తీసేసి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021లో వచ్చింది. రేవులో మునుపటి కన్నా తనిఖీ పెరిగింది. ఇంత చేశాక కూడా టికెట్ అమ్మే చోటును, పేర్లు సరిచూసే చోటును కలపకుండా వదిలేశాం. కంట్రోల్ రూము వాళ్లకు బోటు కదిలే ముందు అందే జాబితా, నలుగురు ఏజెంట్ల వాట్సాప్ మెసేజ్‌ల నుంచి అప్పటికప్పుడు ఎత్తి రాసినదైతే, దాన్ని ఎంతవరకు నమ్మగలం?

> కొన్నవారికి చట్టం ఇచ్చిన హక్కులు
>
> వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020 జులైలో అమల్లోకి వచ్చాయి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. తాను రద్దు చేసినప్పుడు రద్దు రుసుము భరించని సంస్థ, కొనుగోలుదారు రద్దు చేసినప్పుడు కోత వేయకూడదు. ముందుగానే టిక్కు పెట్టిన గడులతో మన అంగీకారం తీసుకోకూడదు. లేని తొందర సృష్టించడం, చివర్లో ధర పెంచడం లాంటి 13 రకాల మాయలను 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఒక్క పుస్తకం చాలు

కావాల్సింది గొప్ప సాంకేతికత ఏమీ కాదు. ఒక రేవుకు ఒకే సీట్ల పుస్తకం ఉండాలి. అది కంట్రోల్ రూము చేతిలో ఉండాలి. యజమాని, ఏజెంటు, హైదరాబాద్ ట్రావెల్స్, సైటు, ఎవరు అమ్మినా అందులోంచే తీసి అమ్మాలి. బోటుకు అనుమతి ఉన్న సంఖ్య నిండాక ఇంకొకరికి అమ్మే వీలే ఉండకూడదు. పసిపిల్లలతో సహా ఎక్కే ప్రతి మనిషికీ అందులో ఒక వరస ఉండాలి. బోటు మారిస్తే పేరు మారాలి, ఆ మెసేజ్ ప్రయాణికుడి ఫోన్‌కు వెళ్లాలి. సిగ్నల్ లేని చోట పనికొచ్చేలా బయల్దేరే ముందు ఒక కాగితం ప్రతి ఒడ్డున, ఒకటి బోటులో ఉండాలి. ఇందుకు ఏజెంటును తీసేయనక్కర్లేదు. ఊరూ పేరూ లేని సైటు కన్నా, రేవులో నిలబడి జవాబు చెప్పే ఏజెంటే ఈ రోజుకీ నయం.

అనుమతి నిలిపిన క్షణమే అన్ని చోట్లా అమ్మకం ఆగిపోవాలి, కట్టిన డబ్బు అడగకుండానే వెనక్కి రావాలి. పొద్దున నాలుగు నుంచి పది దాకా తెలుగులో మాట్లాడే ఒక మనిషి ఫోన్ దగ్గరుండాలి. ఈ చివరి దానికి కావాల్సింది ఒక జీతం మాత్రమే. గందరగోళంలో ఉన్న కుటుంబానికి అన్నిటికన్నా ముందు కావాల్సింది కూడా ఆ గొంతే.

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. పన్నెండు రోజుల పాటు రాజమహేంద్రవరానికి, భద్రాచలానికి ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు. స్నానం అయ్యాక పాపికొండలు కూడా చూసి వెళ్దామనుకునేవాళ్లు వాళ్లలో లక్షల్లో ఉంటారు. ఎర్రనీరు దిగే రోజులవి, బోట్లు చాలావరకు ఆగే ఉంటాయి. ఆ సంగతి వాళ్లకు ఇంటి దగ్గర డబ్బు కట్టే ముందు తెలుస్తుందా, ఘాట్ మెట్ల మీదకు వచ్చాక తెలుస్తుందా అన్నది ఇప్పుడు చేసే పని మీద ఆధారపడి ఉంది. పర్యాటక శాఖకూ, జలవనరుల శాఖకూ, బోటు యజమానుల సంఘాలకూ మధ్య ఆ మాట ఇంకా మొదలు కాకపోతే, ఈ సీజన్ ముగిసేలోపు మొదలవ్వాలి.